గంజి వార్చిన తెల్లన్నం

మా అత్తగారింట్లో అన్నానికి రంగు ముందు, రుచి తర్వాత. అన్నం తెల్లగా ఉండాలి. మెతుకు మెతుకును అంటుకోకూడదు. విస్తట్లో గరిటె బోర్లిస్తే పొడిపొడిగా రాలాలి. అలా రాలితే వండిన కోడలు మంచిది, రాలకపోతే ఆ కోడలి పుట్టిల్లు మంచిది కాదు. నా పుట్టిల్లు రాచర్ల. అక్కడ వరి అన్నం పండక్కో, చుట్టం వస్తేనో వండేవాళ్లం. మిగతా రోజుల్లో కొర్రన్నం, జొన్నరొట్టె, ఏ కాలంలో దొరికే ఆకుకూర ఆ కాలంలో. అందుకని కాపురానికి మార్కాపురం వచ్చిన కొత్తలో నా వంటలో ప్రతి తప్పూ మా ఊరి నెత్తిన పడింది. నేను కూడా ఊరుకునే రకం కాదు. పైకి అనకపోయినా మనసులో అన్నీ అనుకునేదాన్ని.

మాది వ్యాపారం చేసుకునే కులం. మాంసం మాట అటుంచండి, కోడిగుడ్డు మా వీధిలోకి వచ్చినా మా అత్త ముక్కు మూసుకునేది. వీధి వైపు దుకాణం, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక పలకరాళ్లు పరిచిన పెరడు. దుకాణం నిండా కందులు, పెసలు, శనగలు, నువ్వులు, వేరుశనగకాయలు, బెల్లం. అవన్నీ ఊరికి అమ్మేవి. ఇంట్లో పప్పు వండేవాళ్లం, లేదని చెప్పను. కానీ ముందు మగవాళ్లు, తర్వాత దుకాణంలో పనిచేసేవాళ్లు, ఆ తర్వాత పిల్లలు తిని లేచేసరికి పప్పుగిన్నె అడుగు కనపడేది. ఆడవాళ్లకు తెల్లన్నం, చారు, పచ్చడి. అదే మా ఇంటి మర్యాద.

యుద్ధం రోజులు వచ్చాయి. అప్పట్లో మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు ప్రభుత్వం. రైల్లో వచ్చే బియ్యం బస్తాలు తగ్గి తగ్గి, చివరికి రావడమే మానుకున్నాయి. మా చుట్టుపక్కల మెట్ట పొలాల్లో పండేది కొర్రలు, జొన్నలు, సజ్జలే. ఏం చేస్తారు, తెల్లన్నం తిన్న ఇల్లు కొర్రన్నానికి దిగింది. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. ఇంటిల్లిపాదిలో కొర్రన్నం వండటం వచ్చింది నా ఒక్కదానికే. కొర్రన్నంలోకి పలచని చారు పనికిరాదు కాబట్టి, పప్పు ఎక్కువ వేసి ఆకుకూర కలిపి వండటం మొదలుపెట్టాను. మామగారు మారు వడ్డించుకున్నారు. అత్త మాత్రం అన్నాల వేళకు వీధి తలుపు గడియ పెట్టేది. ఎవరైనా వచ్చి విస్తట్లో ఏముందో చూస్తారని ఆమె భయం.

ఆమె భయపడ్డట్టే ఒకరు చూశారు. ఆ ఏడు మా ఆడబిడ్డ, అంటే మా అత్తకు ఉన్న ఒక్కగానొక్క కూతురు, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమెను గిద్దలూరులో ఇచ్చారు. నాకంటే రెండేళ్లు పెద్ద కాబట్టి నేను వదినా అని పిలిచేదాన్ని. మగపిల్లవాడు పుట్టాడు. బాలింతరాలికి పాలు పడలేదు. దూదివత్తితో గేదెపాలు పట్టి చూశారు, మేకపాలు పట్టి చూశారు. పదకొండో రోజున బిడ్డ పోయాడు. గిద్దలూరు నుంచి వచ్చిన వియ్యపురాలు, ఇంట్లో ఏడుపులు ఇంకా ఆగకముందే, వంటింట్లో మిగిలిన కొర్రన్నం గిన్నె చూసింది.

"పిట్టలకేసే గింజలు పెట్టి నా మనవణ్ని చంపినారు గదమ్మా!" అంది, నలుగురూ వింటుండగా.

ఆ బిడ్డ ఎందుకు పోయాడో ఎవరికీ తెలియదు. కానీ మా అత్త ఆ మాటను నమ్మింది. ఎదుటి మనిషి తిట్టిన తిట్టు మనకు ముందే మనసులో ఉంటే, అది తిట్టులా వినపడదు, తీర్పులా వినపడుతుంది. తల బాదుకోలేదు, ఎదురు తిరగలేదు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆమె మీద నాకెన్ని కోపాలున్నా, ఆ రోజు ఆమె ముఖం మాత్రం ఇప్పటికీ మరవలేదు.

మరుసటి ఏడు వదిన మళ్లీ నెల తప్పింది. ఐదో నెలలోనే అత్త పట్టుబట్టి ఇంటికి తెచ్చుకుంది. కృష్ణా కాలువల కింద ఉన్న తన తమ్ముడికి కబురు మీద కబురు పెట్టి, ఎట్లా తెప్పించిందో గాని ఒక బస్తా సన్నబియ్యం తెప్పించింది. దాన్ని చెక్కపెట్టెలో పోసి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. ఇంట్లో మిగతా అందరికీ కొర్రన్నం. ఆ పెట్టెలోది కూతురికి ఒక్కదానికే.

"ఈసారి నా బిడ్డకు తెల్లన్నమే పెడతా. ఎవురొచ్చి చూస్తారో చూడనీ," అంది నాతో.

ఆ తెల్లన్నం కథ చెప్పాలి. మిల్లులో మరపట్టి వచ్చిన బియ్యమే తెల్లగా ఉంటాయి. అవి చాలవని అత్త వాటిని పెరట్లో రోట్లో పోయించి మళ్లీ దంపించేది. దంచితే వచ్చిన తవుడు చెరిగించేది. తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగుసార్లు, ఐదుసార్లు కడిగించేది. అప్పుడు ఎసట్లో పోసి, ఉడికాక గంజి చుక్క మిగలకుండా వార్పించేది. దాని మీద కాచిన నెయ్యి, పక్కన పలచని చారు, కాస్త వెల్లుల్లిపొడి. పప్పు వాతమట. ఆకుకూర అరగదట. పెరుగు చలువట. నువ్వులు వేడట. వేరుశనగపప్పు పైత్యమట. ఇవన్నీ తీసేశాక తినడానికి తెలుపు తప్ప ఏమీ మిగల్లేదు. వదిన వెండికంచంలో అది తినేది. మేము విస్తళ్లలో కొర్రన్నం, కందిపప్పు, చెంచలాకు కూర తినేవాళ్లం. అందరూ లేచాక అత్త వంటింట్లో ఒక మూల కూర్చుని, అడుగున మిగిలిన కొర్రన్నంలో పప్పూ ఆకూ కలుపుకొని, గోడ వైపు తిరిగి తినేది. అది తినడం ఆమెకు సిగ్గు.

బియ్యం దంచడానికి ఒక మనిషి వచ్చేది. ఊరి చివరి పాలెంలో ఉండే క్రైస్తవుల ఇంటి కోడలు. కలుపుల కాలంలో, కోతల కాలంలో పొలం పని, మిగతా రోజుల్లో మా బోటి ఇళ్లలో దంపుడు. ఆదివారం మాత్రం తల తెగినా పనికి రాదు, ప్రార్థనకు పోతుంది. ఆమె దంచిన బియ్యం మాకు పనికొచ్చేవి, ఆమె తాకిన నీళ్లు పనికొచ్చేవి కావు. ఆ పద్ధతి నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు. అత్త వినకుండా నేను ఆమెను అక్కా అనేదాన్ని. కూలితో పాటు తవుడు, కుండెడు గంజి ఆమెకు ముట్టేవి. ఆమె కూడా అప్పుడు కడుపుతోనే ఉంది. వదినకంటే ఒక నెల ముందు. రోకలి ఎత్తి వేస్తుంటే పొట్ట కదిలేది, నాకు భయం వేసేది, ఆమె నవ్వేది.

ఏడో నెల వచ్చేసరికి వదిన ముఖం నిండింది. పాదాలు కూడా నిండాయి. అత్త మురిసిపోయింది. "చూడు, తెల్లన్నం బిడ్డకు ఎట్ల పట్టిందో," అని మామగారికి చూపించింది. నాకు మాత్రం ఆ నిండుదనం నచ్చలేదు. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉండేది. రెండు మెట్లు ఎక్కితే వదిన ఆయాసపడేది. అరికాళ్లు తిమ్మిరెక్కి, కింద నేల ఉందో లేదో తెలియడం లేదని నాతో చెప్పింది. తల్లితో చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తల్లి పెట్టింది తినడం, తల్లి చెప్పింది వినడం తప్ప వదినకు వేరే విద్య రాదు. నాలాంటి గయ్యాళికి అలాంటి ఆడబిడ్డ దొరకడం నా అదృష్టం, ఆమె ఖర్మ.

ఒకనాడు పొద్దున గడప దాటబోయి, కాలు ఎక్కడ పడిందో తెలియక పడిపోయింది. అత్త ఇక ఆగలేదు. బండి కట్టించి ఆడవాళ్లను చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. తోడుగా నేను వెళ్లాను. డాక్టరమ్మ వదిన కనురెప్ప కిందికి లాగి చూసింది, పాదాలు నొక్కింది, మోకాలి కింద తట్టింది.

"ఒంట్లో సత్తువ లేదు, రక్తం లేదు. ఇలాగే ఉంటే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. గుడ్లు తినిపించండి, మాంసం రసం పట్టించండి," అంది.

మా అత్త రెండు చేతులతో చెవులు మూసుకుంది. లేచి బయటికి నడిచింది. డాక్టరమ్మ ఆమె వీపు వంక చూసి నిట్టూర్చి నా వైపు తిరిగింది.

"తినకపోతే మానండమ్మా, దానికీ దారి ఉంది. మీరు ఏం పెడుతున్నారో చెప్పు," అంది. చెప్పాను. తల పట్టుకుంది. "బలమంతా కడిగేసి, దంచేసి, వార్చేసి, మిగిలింది పెడుతున్నారు. గంజి వార్చకండి. పప్పు గరిటెడు కాదు, గిన్నెడు పెట్టండి. రోజూ ఆకుకూర. పాలు, మజ్జిగ, నువ్వులు, వేరుశనగపప్పు. ఒక పూట పెట్టి ఊరుకోవడం కాదు, రోజూ, ఆకలి తీరేదాకా."

ఆ మాటలు విన్నది నేను. వినవలసిన మనిషి బండి దగ్గర నిలబడి ఏడుస్తోంది.

దారిలో చెప్పబోయాను. "గుడ్డు తినమన్న నోటితో చెప్పిన మాటలు నాకొద్దు," అంది అత్త. మళ్లీ, నన్ను కాదు, ఎవరినో అడిగినట్టు అడిగింది. "మాంసం తినకపోతే బిడ్డలు బతకరా? మా అమ్మ తొమ్మండుగురిని కనింది. ఏం తిని కనింది?"

వాళ్లమ్మ తిన్నది దంపుడు బియ్యమో, కొర్రలో అయి ఉంటుంది. మరలు రాకముందు మనిషి కదా. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది, చూసి ఊరుకున్నాను. జీవితంలో నేను ఊరుకున్న సందర్భాలు తక్కువ, వాటిలో ఇదొకటి.

తర్వాత నాలుగైదు రోజులకు, దంపుడు పని ముగించుకున్న అక్క గంజికుండ చూసి నన్ను పిలిచింది.

"చిన్నమ్మా, గంజి సగానికి వస్తాంది ఏంది? గేదెకు పోస్తాండారా?"

గేదెకు కుడితి వేరే ఉంది. ఎవరు తీస్తున్నారో నాకు తెలియలేదు. మర్నాడు మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుండగా కట్టెల కొట్టం వైపు వెళ్లాను. వదిన మోపుల చాటున చతికిలబడి కూర్చుని, చెంబెడు గంజిలో ఉప్పు వేసుకుని, ఎవరో లాక్కుంటారన్నట్టు గుక్క తిప్పుకోకుండా తాగుతోంది. నన్ను చూసి చెంబు కొంగు కింద దాచింది. కలవారింటి బిడ్డ, వెండికంచంలో తినే మనిషి, కుండలో గంజి దొంగతనం చేస్తోంది.

"అమ్మతో చెప్పకే. ఇది తాగినప్పుడే ఒంట్లోకి ఏదో వచ్చినట్టుంటాది. ఆ అన్నం ఎంత తిన్నా ఆకలి పోదు," అంది, కళ్లనిండా నీళ్లతో.

నేను పక్కన కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడకుండా చెప్తున్నాను, బాగా ఏడ్చాను. ఏడుపయ్యాక లేచి వంట మొదలుపెట్టాను.

ఆ రోజు నుంచి వదినకు పెట్టే చారు నీళ్లతో కాచలేదు, గంజితో కాచాను. దానిలో ఉడికిన కందిపప్పు, మునగాకు మెత్తగా రుబ్బి కలిపాను. చారు చిక్కగా ఉందేమని అత్త అడిగితే కందికట్టు పోశానన్నాను. పప్పు ఉడికిన నీళ్లే గదా అని సరిపెట్టుకుంది. వేయించిన వేరుశనగపప్పు పిడికెడు, నువ్వులు బెల్లం దంచిన ముద్ద ఒకటి నా కొంగులో కట్టుకుపోయి, తల దువ్వే వంకతో వదిన నోట్లో పెట్టేదాన్ని.

కానీ గంజి మొత్తం ఇటు తిరిగితే అక్కకు ఏం మిగులుతుంది? ఈ సంగతి నాకు రెండో రోజే తట్టింది. ఆమె ఖాళీ కుండ పట్టుకుని నిలబడినప్పుడు నా తల కిందికి వాలిపోయింది. ఒక కడుపు నింపడానికి ఇంకో కడుపులోంచి తీస్తున్నాను. దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పాను.

"పెద్దమ్మ బిడ్డ తాగుతాందా?" అని ఆమె నోరు వెళ్లబెట్టింది. తర్వాత నవ్వింది, ఆ నవ్వులో కొంచెం కారం కూడా ఉంది. "మీరు పారబోసేదాంట్లోనే బలముందని మాకు ఎప్పుడో తెల్సు చిన్నమ్మా. తాగనీలే. ఇంటికాడ నాకు జొన్నసంగటుంది."

నేను ఊరికే ఉండలేక, దుకాణంలోంచి పెసలు, వేరుశనగలు దోసిలి పట్టి ఆమె ఒడిలో పోసేదాన్ని. ఆమె పొలాల గట్ల మీద కోసిన ఆకు తెచ్చి పెరటి గోడ మీద పెట్టిపోయేది. పచ్చి ఆకుకు అంటు లేదు, అదొక్కటే మా ఆచారాల్లో నాకు కలిసొచ్చింది. మూడు వారాలు ఇలా నడిచింది. వదిన పాదాల మీద గుంటలు తగ్గాయి. ఒకనాడు పెరటి మెట్లు ఆగకుండా ఎక్కి వచ్చి, నన్ను చూసి గర్వంగా నవ్వింది.

అన్నీ అనుకున్నట్టు జరిగితే నేను నేనెందుకవుతాను. తొందరలో ఒకపూట ఆకు సరిగ్గా రుబ్బలేదు. కంచం అంచున అంటుకున్న మునగాకు అత్త కంటపడింది.

"ఏందే ఇది?"

"మునగాకు అత్తా. డాక్టరమ్మ చెప్పినట్టే పెట్టినా. మూడు వారాల నుంచి పెడతాండా. కాళ్ల వాపు తగ్గింది, నువ్వే చూడు."

అత్త చూడలేదు. ఆమె ముఖంలో కోపం కంటే భయం ఎక్కువగా కనపడింది. "కడుపుతో ఉన్నదానికి ఏడి చేసే ఆకు పెట్టినావా? ఈ బిడ్డకేమన్నా అయితే వాళ్లు నన్ను బతకనిస్తారా? నేను బతుకుతానా?" అంది. చివరికి తగలవలసిన మాట అననే అంది. "కడుపుకోత నీకేం తెల్సు? కని చూడు, తెలుస్తాది."

నాకు పెళ్లయి మూడేళ్లు. అప్పటికి కడుపు పండలేదు. వదిన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మర్నాటి నుంచి వదిన వంట అత్తే చేసింది. గంజికుండ మళ్లీ నిండుగా అక్కకు చేరింది. నాకు సంతోషించాలో బాధపడాలో తెలియలేదు.

పురుడు ముందు అక్కకే వచ్చింది. ఇరవై రోజులు తిరక్కుండానే పనికి వచ్చేసింది, పసిగుడ్డును పాతచీరలో చుట్టి. రోటి పక్కన నీడన పడుకోబెట్టేది. వాడు ఏడిస్తే రోకలి గోడకు ఆనించి, కూర్చుని పాలిచ్చేది. వాడు గుటకలు వేస్తుంటే వినపడేది. వదిన నిండు పొట్టతో వెనక వసారాలో కూర్చుని రెప్ప వేయకుండా చూసేది. ఒకరోజు ధైర్యం చేసి అడిగింది.

"నీకు పాలు ఎట్ల పడినాయి? ఏం తింటావు?"

"ఏముంది తల్లీ, సంగటి, ఆకు, ఇంత పప్పు దొరికితే పప్పు. మీ గంజి, మీ తవుడు. తవుట్లో బెల్లం కలుపుకుంటే ఎంత బాగుంటాదో. కడుపునిండా తింటా, అంతే. ఒట్టి కడుపుకు పాలు యాడ్నించొస్తాయి?"

 ఆ మాటను వదిన మనసులో వేసుకుందని తర్వాత తెలిసింది.

వదినకు ఆడపిల్ల పుట్టింది. చిన్నపిల్ల, ఒక్క చేతిలో ఇమిడేంత. ఏడుపు మాత్రం వీధి చివరికి వినపడింది. నా మూడు వారాల మునగాకు ఆ గొంతులో ఉందని నేను అనుకున్నాను, ఎవరూ ఒప్పుకోకపోయినా. మొదటి రోజు గడిచింది, రెండో రోజు గడిచింది. పాలు పడలేదు. పిల్ల ఏడుపు సన్నబడింది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. అందరి మనసుల్లో ఉన్నది పోయినసారి బిడ్డే. మూడో రోజు పొద్దున అత్త దూదివత్తి చేస్తుంటే ఆమె వేళ్ల మధ్య అది నిలవలేదు. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ విడిపోయింది.

మధ్యాహ్నం అత్త బాలింతరాలి పథ్యం తెచ్చింది. వెండికంచం, పెట్టె అడుగున మిగిలిన సన్నబియ్యపు అన్నం, నెయ్యి, వెల్లుల్లిపొడి. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపలికి వెళ్లి ఏదో ఒకటి అనేసి ఇంట్లోంచి పొమ్మంటే పోదామని కూడా అనుకున్నాను. అంతలో వదిన కంచం మీద చెయ్యి పెట్టి, మెల్లగా పక్కకు జరిపింది.

"అమ్మా, నాకు ఇదొద్దు."

అత్తకు అర్థం కాలేదు. "ఏం కావాల్నమ్మా? పొడి కారమైందా?"

"నువ్వు తింటావు గదా, అందరూ లేసినంక, గోడ దిక్కు తిరిగి. అది పెట్టు."

"అదా! అది కొర్రకూడమ్మా. అడుగంటిన పప్పు, ఆకు. నేను తినేది నీకెట్ల పెట్టేది?"

"అది తిని నువ్వు బిందె మీద బిందె మోస్తాండావు. ఇది తిని నేను లేచి కూసోలేకపోతాండా. పోయినసారి కూడా పథ్యమని పప్పూ ఆకూ ముట్టనీలేదు. నా బిడ్డకు పాలు కావాలమ్మా," అంది వదిన. ఇరవై రెండేళ్లకు ఆమె తల్లికి చెప్పిన మొదటి ఎదురుమాట అది. గొంతు పెంచలేదు. బతిమాలుతున్నట్టే అంది.

అత్త కంచం తీసుకుని బయటికి వచ్చింది. నా పక్కనుంచే పోయింది, నన్ను చూడలేదు. వంటింట్లో వెండికంచం కింద పెట్టిన చప్పుడు. తర్వాత కొర్రన్నం గిన్నె మూత తీసిన చప్పుడు. ఒక రాగి పళ్లెంలో కొర్రన్నం, పైన గట్టి పప్పు, మునగాకు కూర, పక్కన గ్లాసెడు పాలు. ఆమే తెచ్చింది. ఆమే కలిపింది. అలవాటు లేని చేత్తో పసిపిల్లకు పెట్టినట్టు ముద్ద చేసి కూతురి నోట్లో పెట్టింది. వదిన పళ్లెం ఊడ్చింది. ఇంకా కావాలంది. ఆ సాయంత్రం మళ్లీ అదే, మర్నాడు రెండుపూటలా అదే. మధ్యలో నువ్వుల ముద్ద నేను బహిరంగంగానే తీసుకుపోయాను, అత్త కళ్లెదుటే.

ఐదో రోజు పిల్ల రొమ్ము పట్టి వదల్లేదు. పెదవి చివర పాలచుక్క కారింది. అప్పుడు కూడా అత్త ముద్దలు కలిపి పెడుతోంది. ఆ చుక్కను చూసింది. కలిపే చెయ్యి ఆగిపోయింది. సంతోషంతో ఏడుస్తుందనుకున్నాను. ఆమె పళ్లెం వంక, కూతురి వంక చూసి, ఎవరో కొట్టినట్టు వంగిపోయి అంది.

"ఇన్ని నెలలూ మంచి తిండంతా నేను తిని, నీకు పెట్టకుండా దాసినట్టాయె గదే తల్లీ."

వదిన నోటినిండా ముద్ద ఉంది. మాట్లాడలేక, కాదు కాదని తల ఊపుతూ, ఎంగిలి చేత్తోనే తల్లి చెంపలు తుడిచింది.